తేదీ 2005 అని చూపించే ట్రాకర్‌ను లొకేషన్ విషయంలో నమ్మవచ్చా?

నర్సంపేట నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వారికి రెండు కోత మిషన్లు, ఒక డీసీఎం (మధ్యరకం లారీ) ఉన్నాయి. ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రాల నుంచి రైస్ మిల్లులకు ధాన్యం తోలే డీసీఎంకు బండి ఎక్కడుందో చూపే జీపీఎస్ ట్రాకర్‌ను చాలా ఏళ్ల కిందట పెట్టించారు. 2025 జూన్ 8 ఆదివారం నుంచి అది 2005 అక్టోబరు తేదీలు చూపిస్తోంది. మ్యాపులో బండి ఉన్నచోటే కనిపిస్తున్నా ట్రిప్పుల రిపోర్టు మాత్రం ఖాళీగా వస్తోంది. అమ్మినవాళ్లను అడిగితే ‘ఉపగ్రహం పాతబడింది, కొత్త పరికరం కొనండి’ అన్నారట. ఇది అప్పట్లో కంప్యూటర్లకు వచ్చిన 2000 సంవత్సరపు గొడవ లాంటిదేనా, లొకేషన్‌ను నమ్మవచ్చా, కారులోని పాత నావిగేషన్ పెట్టెకూ ఇదే గతి పడుతుందా అన్నవి వారి సందేహాలు.

ముందు అసలు జవాబు చెప్పేస్తాను. మీ బండి ఉన్న చోటు నిజం, తేదీ అబద్ధం. ఉపగ్రహం పాతబడిందన్న మాట మాత్రం మిమ్మల్ని కొత్తది కొనిపించడానికి చెప్పిందే.

మీరు పంపిన ఫోటోలో తెర మీద 28 అక్టోబరు 2005, శుక్రవారం అని ఉంది. మీరు ఫోటో తీసిన రోజు 13 జూన్ 2025. అదీ శుక్రవారమే. గంటలూ నిమిషాలూ కూడా సరిపోయాయి. తేదీ ఇరవై ఏళ్ల వెనక్కి పోయినా వారం తప్పలేదంటే కారణం దాదాపు తెలిసిపోయినట్టే. ఆ రెండు తేదీల మధ్య తేడా సరిగ్గా 7,168 రోజులు. 7తో భాగిస్తే 1,024 వారాలు. జీపీఎస్ పరికరాల తేదీ గొడవల్లో ఈ 1,024 కనిపించిందంటే యాంటెన్నాను, సిమ్‌ను, బ్యాటరీని అనుమానించాల్సిన పనే లేదు.

జీపీఎస్ ఉపగ్రహం ఏ రోజూ మనకు తేదీ చెప్పదు. సంవత్సరం, నెల అన్న మాటలు దాని సందేశంలో లేవు. 1980 జనవరి 6 నుంచి ఎన్నో వారం నడుస్తోంది, ఆ వారం మొదలై ఎన్ని సెకన్లయింది, ఈ రెండే చెబుతుంది. ఆ వ్యవస్థను రూపొందించింది 1970లలో. ఉపగ్రహ సందేశం సెకనుకు 50 బిట్ల (0 లేదా 1 అనే గుర్తుల) చొప్పున, నత్తనడకన దిగుతుంది. అందులో ప్రతి బిట్టూ విలువైనదే కాబట్టి వారం సంఖ్యకు 10 బిట్లు మాత్రమే కేటాయించారు. పది బిట్లలో 0 నుంచి 1,023 దాకానే పడుతుంది. ఆ తర్వాతి వారం మళ్లీ సున్నా. ఇప్పటికి అలా రెండుసార్లు తిరిగింది, 1999 ఆగస్టు 22న ఒకసారి, 2019 ఏప్రిల్ 7న మరోసారి. రెండూ ఆదివారాలే. మన గడియారం ప్రకారం తెల్లవారుజామున ఐదున్నరకు కొన్ని సెకన్ల ముందు. రెండోది వికారి ఉగాది మర్నాడు వచ్చింది.

ఉగాది అన్నాను కాబట్టి మన సంవత్సరాల పేర్లతోనే చెబుతాను. ఎవరైనా ‘నేను విశ్వావసులో పుట్టాను’ అంటే అది 1965 కావచ్చు, 2025 కూడా కావచ్చు. పేరును బట్టి తేల్చలేం. మనిషిని చూసి, నెరిసిన తల ఉంటే 1965 అని మనమే సరిచూసుకుంటాం. ఉపగ్రహ సంకేతాలు అందుకునే జీపీఎస్ రిసీవరు చేయాల్సిన పనీ అదే. ఉపగ్రహం ‘ఇది ఫలానా వారం’ అంటే, అది ఏ ఆవృత్తిలోని వారమో రిసీవరే తేల్చుకోవాలి. మరి దానికి నెరిసిన తల ఎక్కడ కనిపిస్తుంది? తయారీదారు ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్పులోనే ఉండే ప్రోగ్రాములో, ఒక మూల తేదీ రాసి పెడతాడు. ‘నేను తయారైంది ఫలానా వారంలో, అంతకు ముందు తేదీ రావడం అసంభవం’ అన్నది ఆ చిప్పు నమ్మకం. అక్కడి నుంచి 1,024 వారాల పాటు లెక్క తప్పదు. 1,025వ వారం రాగానే మళ్లీ ఆ మూల తేదీకే వెళ్లిపోతుంది.

మీ ట్రాకర్ జూన్ 8 ఆదివారం ఉదయం వెనక్కి తిరిగింది. అందులోంచి 7,168 రోజులు తీసేస్తే 2005 అక్టోబరు 23 వస్తుంది. మీ చిప్పు ఫర్మ్‌వేర్‌లో రాసిన మూలవారం అదే. మీరు కొన్నది ఆ తర్వాత ఎప్పుడో అయి ఉంటుంది. చవక ట్రాకర్లలో పాత నిల్వలోని చిప్పులు పెట్టి అమ్మడం కొత్తేమీ కాదు.

అందుకే ‘జీపీఎస్ గండం 2019లో గడిచిపోయింది, మళ్లీ 2038 దాకా భయం లేదు’ అనే మాట సగమే నిజం. ఉపగ్రహాల వైపు నుంచి అయితే అంతే, తర్వాతి మలుపు 2038 నవంబరు 21. కానీ పరికరాల వైపు ఒక్కో పెట్టెకు ఒక్కో రోజు. ఐఫోన్ 5 విషయంలో ఆపిల్ సంస్థ 2019 నవంబరు 3 లోపు సాఫ్ట్‌వేర్ మార్చుకోమని చెప్పింది, ఏప్రిల్‌లో ఏమీ కాని ఫోన్లకే. లినక్స్ యంత్రాల్లో జీపీఎస్ సమాచారాన్ని అందుకునే జీపీఎస్‌డీ అన్న ప్రోగ్రాములోనూ ఒక పొరపాటు దొరికింది. సరిచేయకపోతే 2021 అక్టోబరు 24న తేదీ 2002 మార్చికి పోయేది. ముందే పట్టుకోవడంతో పెద్దగా గొడవ కాలేదు.

ఇక 2000 సంవత్సరపు గొడవతో పోలిక. అది సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకోవడం వల్ల వచ్చిన చిక్కు. అప్పుడు నేను టెలికాం ఉద్యోగంలో ఉన్నాను. 1999 డిసెంబరు 31 రాత్రి ఎక్స్ఛేంజీల్లో అందరికీ డ్యూటీలు వేశారు. అదే సంవత్సరం ఆగస్టు 22 తెల్లవారుజామున జీపీఎస్ వారం సున్నాకు తిరిగితే మా దగ్గర పట్టించుకున్నవాళ్లు లేరు. జపాన్‌లో మాత్రం ఆ రోజు పాత కారు నావిగేషన్ పెట్టెలు చాలా మొరాయించాయి. మన దేశంలో అప్పుడు బండ్లలో జీపీఎస్ ఎక్కడిది? ఉన్నా సామాన్యుల రిసీవర్లకు వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. అమెరికా కావాలని కలిపిన ఆ మసకను 2000 మే 2న తీసేశాకే ఇప్పుడు మనం చూస్తున్న కచ్చితత్వం వచ్చింది. డిసెంబరు 31 రాత్రికి జీపీఎస్ దృష్టిలో ఏ ప్రత్యేకతా లేదు. సంవత్సరమే తెలియనిదానికి కొత్త సంవత్సరం ఏమిటి? దానికి పట్టింపు ఉన్నది గ్రీనిచ్ (లండన్) సమయం ప్రకారం శనివారం అర్ధరాత్రి, అంటే మనకు ఆదివారం ఉదయం ఐదున్నర. మీ ట్రాకర్ కూడా ఆదివారమే చెడింది కదా.

లొకేషన్ ఎందుకు తప్పలేదు అన్నది కొంచెం వివరంగా చెప్పాలి, మీ ప్రశ్నలో అసలు భయం అదే కాబట్టి. రిసీవరు తానున్న చోటును లెక్క కట్టేది ఉపగ్రహాల సంకేతాలు ఎంత ఆలస్యంగా అందాయో చూసి. ఆ సంకేతాలు వెలుతురు వేగంతో, సెకనులో పది లక్షో వంతుకే 300 మీటర్లు పోతాయి, కాబట్టి ఆ ఆలస్యం కొలవడంలో చాలా నాజూకు అవసరం. అయితే ఆ కొలత అంతా వారంలోని సెకన్లతోనే జరుగుతుంది. ఒక వారంలో 6,04,800 సెకన్లు. ఉపగ్రహం ‘వారం మొదలై ఇన్ని సెకన్లయింది’ అంటుంది, తన కక్ష్య వివరాలనూ అదే లెక్కలో ఇస్తుంది. నాలుగు ఉపగ్రహాల నుంచి ఇవి అందితే చోటు తేలుతుంది. ఈ సూత్రంలో వారం సంఖ్యకు పాత్ర లేదు. ఇటు 2025 అనుకున్నా, అటు 2005 అనుకున్నా రెండు వైపులా ఒకే తప్పు కాబట్టి కొట్టివేయబడుతుంది. మీ డీసీఎం మిల్లు గేటు దగ్గర ఉంటే గేటు దగ్గరే చూపిస్తుంది, వేగమూ సరిగానే ఉంటుంది.

ఒక్కచోట మాత్రం తేడా పడవచ్చు. ఇది మీ కోత మిషన్లకు పనికొస్తుంది. యాసంగి కోతలు అయ్యాక మిషన్‌ను షెడ్డులో పెట్టి బ్యాటరీ తీసేస్తారు. వానాకాలం కోతలకు తీసేసరికి నెలలు గడుస్తాయి. అప్పుడు ట్రాకర్‌ను ఆన్ చేస్తే, అది తన దగ్గరున్న తేదీని, ఉపగ్రహాల పాత పట్టికను కలిపి ‘ఇప్పుడు నెత్తిమీద ఏ ఉపగ్రహాలు ఉండాలి’ అని ఊహిస్తుంది. తేదీ తప్పైతే ఊహా తప్పుతుంది. లేని ఉపగ్రహాల కోసం కాసేపు వెతికి, చివరికి ఆకాశమంతా గాలిస్తుంది. పట్టిక మొత్తం కొత్తగా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అలాంటప్పుడు ఐదు నిమిషాలు చూసి ‘చెడిపోయింది’ అని విప్పేయకండి. రేకుల కింద నుంచి బయటికి తెచ్చి, ఆకాశం కనిపించేచోట ఒక అరగంట వదిలేయండి.

ఇప్పుడు మీ ఖాళీ రిపోర్టు సంగతి. మా దగ్గరికి వచ్చే ఇలాంటి పరికరాలను ల్యాప్‌టాప్‌కు కలిపి, చిప్పు సెకనుకొకసారి పంపే వరుసలు చూస్తాం. అందులో జీపీఆర్‌ఎంసీ అని మొదలయ్యే వరుస ముఖ్యం. మీ బండి నర్సంపేటలో ఉన్నప్పుడు అది ఇలా ఉంటుంది. మొదట 041512, అంటే గ్రీనిచ్ సమయం 4 గంటల 15 నిమిషాల 12 సెకన్లు. ఐదున్నర కలిపితే మనకు ఉదయం 9:45. తర్వాత ‘ఏ’ అన్న అక్షరం. ఇది ఉంటే లొకేషన్ చెల్లుతుందని, ‘వీ’ ఉంటే చెల్లదని అర్థం. ఆపైన 1755తో మొదలయ్యే అక్షాంశం, అంటే 17 డిగ్రీల 55 నిమిషాలు. 07953తో మొదలయ్యే రేఖాంశం. వేగం, దిశ. చివర్లో 281005. అదే మీ 28 అక్టోబరు 2005. గమనించారా, సంవత్సరం ఇక్కడా రెండంకెలే. 2000 సంవత్సరపు గొడవ నుంచి జనం ఏమీ నేర్చుకోలేదు!

ఈ వరుసలోని ప్రతి అంకె సరైనదే, చివరి ఆరు తప్ప. ‘ఏ’ ఉంది కాబట్టి సర్వర్ (ట్రాకర్ పంపినవన్నీ దాచే కంపెనీ కంప్యూటర్) దాన్ని చెల్లే సమాచారంగా తీసుకుని, మ్యాపులో ‘ఆఖరుగా అందిన చోటు’ చూపిస్తుంది. రిపోర్టు తీసేటప్పుడు మాత్రం పరికరం చెప్పిన తేదీల ప్రకారం వెతుకుతుంది. మీరు జూన్ 10 అడిగితే దానికి ఏమీ దొరకదు, ఆ ట్రిప్పులన్నీ 2005 అక్టోబరులో నమోదై ఉన్నాయి. అంటే చాలావరకు మీ సమాచారం పోలేదు, వేరే చోట పడింది. రిపోర్టులో తేదీ 2005 అక్టోబరు 23 నుంచి ఇచ్చి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు అంత పాత తేదీ తీసుకోనివ్వవు. అప్పుడు సర్వర్ నడిపేవాళ్లను డేటాబేసులోంచి తీసి ఇమ్మనండి.

శాశ్వతంగా సరిచేయడానికి రెండు దారులు. చిప్పు తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి ఉంటే అది ఎక్కించడం మొదటిది. పాత చవక ట్రాకర్లకు ఇది దొరకడం కష్టం. రెండోది సర్వర్ దగ్గరే సరిచేయడం. ఈ పరికరం నుంచి వచ్చే ప్రతి తేదీకి 7,168 రోజులు, సెకన్లలో అయితే 61,93,15,200 కలపాలి. కాస్త తెలిసిన ప్రోగ్రామరుకు ఇది పూట పని. కానీ గుడ్డిగా అన్ని బండ్లకూ కలిపేయకూడదు. వచ్చిన తేదీ ఆ పరికరం కొన్న తేదీ కంటే పాతదైతేనే కలపాలి. లేకపోతే బాగున్న మిగతా బండ్లు 2045కు పోతాయి. అడవిలో నెట్‌వర్క్ లేనప్పుడు ట్రాకర్ దాచుకుని తర్వాత పంపే పాయింట్లకూ ఈ నియమమే వర్తింపజేయమనండి. తాడ్వాయి, మేడారం వైపు తిరిగే బండ్లకు ఇది మరీ అవసరం. ‘సర్వరుకు అందిన సమయాన్నే వాడేద్దాం’ అని కొందరు సులువు దారి చెబుతారు. ఒప్పుకోకండి. దాచిన పాయింట్లన్నీ ఒకేసారి వస్తే బండి రెండు నిమిషాల్లో యాభై కిలోమీటర్లు పరిగెత్తినట్టు రిపోర్టు వస్తుంది.

ధాన్యం తరలింపు బిల్లు విషయంలో నా సలహా ఇది. జూన్ 8 తర్వాతి ట్రిప్పులకు 2005 తేదీ ఉన్న ట్రాకర్ రిపోర్టును ఒక్కదాన్నే ఆధారంగా పెట్టకండి. అవతలివాళ్లు పేచీ పెట్టాలనుకుంటే ఆ తేదీ చాలు. ట్రక్ షీట్లు, వేబ్రిడ్జి చీటీలు ముందు పెట్టి, వాటిలోని సమయాలతో ట్రాకర్ సమయాలు ఎలా కలుస్తున్నాయో పక్కన చూపించండి. వారం, గంట, నిమిషం అన్నీ కలుస్తాయి కాబట్టి 7,168 రోజుల తేడాను ఎవరికైనా ఒక కాగితం మీద రుజువు చేయవచ్చు.

మీ ట్రాకర్ సమాచారాన్ని ఏ రహస్య లిపీ లేకుండా పంపే పాత రకం కావడం ఒక విధంగా అదృష్టం. సర్వర్‌తో భద్రంగా మాట్లాడే కొత్త పరికరాలు ముందు దాని సర్టిఫికెట్ (అది అసలు సర్వరేనని చెప్పే డిజిటల్ పత్రం) తేదీ చూస్తాయి. తాను 2005లో ఉన్నాననుకునే పరికరానికి 2024లో ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. సంబంధం తెంచేస్తుంది. అప్పుడు మ్యాపులో కూడా బండి కనిపించదు. ఐఫోన్ 5 వాళ్లకు ఈమెయిలు, ఇంటర్నెట్ కూడా ఆగిపోతాయని హెచ్చరించింది ఇందుకే.

నా అనుభవంలో తేదీ తప్పితే దారి చూసుకునేవాడికంటే గడియారం చూసుకునేవాడికే ఎక్కువ దెబ్బ. సెల్ టవర్లు, విద్యుత్ సబ్‌స్టేషన్లు జీపీఎస్‌ను వాడేది సమయం కోసమే. 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పించే సందర్భంలో కొన్ని ఉపగ్రహాలు పంపిన సమయ సవరణలో 13.7 మైక్రోసెకన్ల (సెకనులో పది లక్షో వంతు ఒక మైక్రోసెకను) తప్పు దొర్లింది. బండ్లలో దారి చూసుకునేవాళ్లకు ఏమీ తెలియలేదు. టెలికాం పరికరాల్లో మాత్రం గంటల తరబడి అలారాలు మోగాయి. 2019 ఏప్రిల్‌లోనూ న్యూయార్క్ నగరపాలక సంస్థ సొంత వైర్‌లెస్ నెట్‌వర్క్ రోజుల తరబడి పడిపోయింది, చైనాలో కొన్ని బోయింగ్ 787 విమానాలు నేల మీదే ఆగాయి. అక్కడా దారి తప్పిన విమానం లేదు, తేదీ సరిచేసుకునే దాకా ఎగరలేదు, అంతే.

కొత్తది కొనాలనే అనుకుంటే, ‘జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉంది కాబట్టి ఈ బాధ లేదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. నావిక్ లెక్క 1999 ఆగస్టు 22 నుంచి మొదలవుతుంది, దాని మొదటి సంకేతాల్లోనూ వారానికి 10 బిట్లే. అంటే అది కూడా 2038 నవంబరులోనే తిరుగుతుంది. యూరప్ వారి గెలీలియోలో 12 బిట్లు, 78 ఏళ్లకు సరిపోతాయి. చైనా బైడూలోనూ, జీపీఎస్ కొత్త సంకేతాల్లోనూ 13 బిట్లు, 157 ఏళ్లు. రెండు మూడు వ్యవస్థలను కలిపి చూసే చిప్పు అయితే ఒకదాంతో మరొకటి సరిచూసుకునే అవకాశం ఉంటుంది. అమ్మేవాళ్లను కంపెనీ పేరు కంటే ముందు ‘చిప్పు ఫర్మ్‌వేర్ తేదీ ఎప్పటిది, వారం సంఖ్య ఎప్పుడు తిరుగుతుంది’ అని అడగండి. తెల్లమొహం వేస్తే ఇంకో దుకాణం చూసుకోండి. అలాగే 2038లోనే జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాలకు, సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత ప్రోగ్రాములు కూడా వెనక్కి తిరుగుతాయి. 2038 దాటాక కూడా నడవాలని కొనే పరికరమైతే ఈ రెండూ అడగాల్సిందే.

కారులోని పాత నావిగేషన్ పెట్టె కూడా ఏదో ఒక ఆదివారం ఇలాగే తిరగవచ్చు. తిరిగినా దారి చూపిస్తూనే ఉంటుంది. దాని అసలు లోపం తేదీ కాదు, పటం. మీది 2010 నాటిదైతే అందులో హనుమకొండ జిల్లా లేదు, ములుగు జిల్లా లేదు. అవి పేర్లే కాబట్టి సర్దుకోవచ్చు. కానీ ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర గోదావరి మీద ఇప్పుడున్న వంతెన కూడా అందులో ఉండదు. వాజేడు వెళ్లాలని నొక్కితే నది ఒడ్డున మిమ్మల్ని మీటరు తేడా లేకుండా నిలబెట్టి, అక్కడి నుంచి చుట్టుదారి పట్టిస్తుంది. పటాన్ని కొత్తది చేయించడానికి అడిగే డబ్బు ఫోన్ పెట్టుకునే స్టాండు ధర కంటే ఎక్కువైతే, ఫోనే వాడుకోండి. ఫోను తేదీని మొబైల్ నెట్‌వర్క్ నుంచి కూడా సరిచూసుకుంటుంది.